కట్టినవాడే విప్పాల్సిన కట్టు

మొన్న సాయంత్రం తమ్ముడి ఇంట్లో టీవీలో ఫుట్‌బాల్ చూస్తున్నాం. క్రొయేషియా దేశపు కోచ్ ఒకాయన, తన కాలంలో పేరున్న ఆటగాడేనట, గీత పక్కన నిలబడి, కుంటుతున్న తన కుర్రవాణ్ని బయటికి రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. ఒక గోలు వెనకబడి ఉన్నారు, కుర్రవాడు రానంటున్నాడు. చివరికి గీత దాకా వచ్చినవాణ్ని ఆయన భుజం పట్టి బయటికి లాగేశాడు. "జూసినవానే అన్నా, గుంజుకొచ్చిండు," అని తమ్ముడు నవ్వి, వంకర తిరిగిన తన కుడికాలిని రెండు చేతులతో ఎత్తి ముక్కాలిపీట మీద పెట్టుకున్నాడు. ఆ తరువాత ఆట నా కంటికి ఆనలేదు.

ఎనభైల మొదట్లో సూర్యాపేటలో నేనూ ఆటగాణ్నే. మోకాలు చెడి ఆట మానేశాక, మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు యజమాని పిలిచి పగలు గుమాస్తా పనీ, సాయంత్రం మిల్లు జట్టుకు ఆట నేర్పే పనీ ఇచ్చాడు. మాకు వేరే మైదానం లేదు. ఉడికిన వడ్లు ఎండబోసే సిమెంటు కళ్లమే మైదానం. పొద్దు వాలే వేళకు హమాలీలు వడ్లు కుప్పచేసి టార్పాలిన్ కప్పితే, ఆ వేడి గచ్చు మీద, పులిసిన వడ్ల వాసనలో ఉత్తకాళ్లతో ఆడించేవాణ్ని. పడితే తోలు లేచిపోయేది కనుక మావాళ్లు పడకుండా ఆడటం నేర్చుకున్నారు, అది నా గొప్పతనమని చెప్పుకు తిరిగేవాణ్ని. అందరిలోకీ బాగా ఆడేది తమ్ముడు. నాకు దక్కకుండా పోయిన పేరు వాడి కాళ్లతో సంపాదించాలనుకున్నానని ఇప్పుడు తెలుస్తోంది.

తొంభైల్లో ఒక ఏడు కోదాడ పోటీల్లో ఫైనల్‌కు చేరాం. అంతకుముందు ఆటలోనే తమ్ముడి చీలమండ పైన దెబ్బ తగిలి కాలు వాచింది. దవాఖానకు వెళితే పిండికట్టు వేసి నెలల తరబడి పడుకోబెడతారని, కోదాడ దగ్గరి చిలుకూరు అవతల కట్లు కట్టే ముసలాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన వేళ్లతో తడిమి, ఎముక చిట్లిందన్నాడు. గుడ్డుసొన, మినప్పిండి పట్టించి, వెదురుబద్దలు పెట్టి కట్టాడు. "కట్టినోడే ఇప్పాలె. నేను ఇప్పేదాక కాలు కింద మోపకు, మీ అన్న జెప్పినా ఇనకు. మీ ఆటలోళ్లకు కాళ్ల మీద కంటే బంతి మీదనే పానం," అని నావైపు చూశాడు. నేను నవ్వేశాను.

ఫైనల్ నాటి పొద్దున, పోటీలకు మాత్రమే వేసుకునే బూటు ఆ కట్టు మీద ఎక్కలేదు. బ్లేడు తెచ్చి నేనే కోశాను. "ముసలాయన తిడతడేమోనే," అన్నాడు తమ్ముడు. "గెలిచినంక పోయి నేను కాళ్లు మొక్కుత తియ్," అన్నాను. వాడు కాలు చాచాడు.

గోలు కొట్టింది వాడే. కొట్టిన కాలితోనే కూలిపోయాడు. వాణ్ని పక్కకు మోసి ఆట సాగించాం, ఆ ఒక్క గోలుతోనే గెలిచాం. జనం నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. వాణ్ని పడుకోబెట్టిన రిక్షా గేటు దాటి వెళ్లడం ఆ ఎత్తు నుంచి నాకు స్పష్టంగా కనిపించింది. దించమంటే దించేవాళ్లే. నేను అడగలేదు.

ఎముక రెండుగా విరిగింది, వంకరగా అతుక్కుంది. వాడి ఆట అక్కడితో ఖతం. వాణ్ని దవాఖానలో చేర్చిన రోజే కబురు తెలిసి ముసలాయన వచ్చి, కట్టు ఎవరు విప్పారని అడిగాడు. "నేనే ఇప్పుకున్న తాతా," అన్నాడు తమ్ముడు. "ఇగ నీ రాత," అంటూ ఆయన వాణ్ని తిట్టిపోశాడు. మంచం పక్కనే బత్తాయిలు ఒలుస్తూ నిలబడ్డాను. ముసలాయన కన్నుమూసేదాకా అదే నిజమనుకున్నాడు.

ఇప్పుడు మిల్లుల్లో వడ్లు యంత్రాలే ఎండబెడుతున్నాయి, కళ్లాల మీద లారీలు నిలుస్తున్నాయి. పిల్లవాడు పడితే పరుగెత్తుకొచ్చే డాక్టర్లు జట్టు వెంటే ఉంటున్నారు. మంచి మార్పే. కానీ ఆ రోజుల్లో మా జట్టుకు ఎవరూ లేరని చెప్పి తప్పించుకోలేను. వద్దని చెప్పవలసిన మనిషి ఒకడున్నాడు. బ్లేడు ఆ మనిషి చేతిలోనే ఉంది.