బోర్డు అంచుకు బొట్టు

మొన్న దవాఖానలో సూది వేసే ముందు నర్సమ్మ అమ్మ జబ్బకు స్పిరిట్ రాస్తుంటే, ఆ వాసనకు నాకు అనసూయత్త గుర్తొచ్చింది. పోచంపల్లిలో మా పక్కిల్లే ఆమెది. టీవీలు బాగుచేయడంతో మొదలుపెట్టి, మగ్గాల ఇళ్లకు ఆసు మిషన్లు వచ్చాక వాటి లోపలి కరెంటు బోర్డులూ బాగుచేసేది. నోరు పెద్దది, చెయ్యి మాత్రం మహా మెత్తన.

ఆసు పోయడమంటే తెలియనివాళ్లకు చెప్పాలి. చీరకు కావలసిన నూలును మేకుల చుట్టూ ముందుకూ వెనక్కూ వేలసార్లు తిప్పుతూ పోవాలి. అట్లా తిప్పీ తిప్పీ అమ్మ కుడి భుజం పడిపోయింది. తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదు. జడ నేనే వేసేదాన్ని. మిషన్ వచ్చాకే ఆమె ప్రాణం కుదుటపడింది.

ఆ ఏడు దసరాకు పనిముట్లన్నిటికీ పూజ చేస్తూ అమ్మ మిషన్ బోర్డునూ బయటికి లాగింది. దాని అంచున బంగారు రంగు గీతలు వరసగా మెరుస్తుంటే, లక్ష్మే అనుకుందేమో, ముచ్చటపడి తడి పసుపు పూసి, కుంకుమ పెట్టి, మళ్లీ దూర్చింది. తెల్లారి మీట నొక్కితే మిషన్ ఉలకలేదు, పలకలేదు. అమ్మ అటక మీది పాత కొయ్య ఆసు దింపమంది. నేను అనసూయత్త ఇంటికి పరుగెత్తాను.

అత్త వచ్చి బోర్డు లాగి చూసి నవ్వింది. "వదినె, బొట్టు మిషన్ డబ్బాకు పెట్టాలె గని గీడ పెడ్తరా?" అంది. దీనికి విడిగా ప్లగ్గు ఉండదనీ, ఆ అంచే ప్లగ్గనీ, గీతల మీది బంగారు పూత ఉల్లిపొర కన్నా పలచననీ చెప్పింది. లాగినప్పుడల్లా కొంత గీసుకుపోతుందట. అరిగిందంటే అంచొక్కటే మార్చడానికి ఉండదు, బోర్డంతా పోయినట్టే. నేను గుడ్డను అత్త తెచ్చిన స్పిరిట్‌లో ముంచి గట్టిగా రుద్దబోతే చేతి మీద ఒకటి వేసింది.

"జర మెల్లగ, బిడ్డా. మురికి పోవాలె, బంగారం పోవద్దు."

ఆమే తుడిచి, ఆరనిచ్చి, వంకర పోకుండా ఒక్కసారే దూర్చింది. మిషన్ కదిలింది. అమ్మ ఉన్నచోటే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. హమ్మయ్య అనుకుంటూ నేను నవ్వాను. అత్త పోతూ పోతూ, "నడిచేదాన్ని ఊకె పీకకుర్రి. ముట్టకుంటె నాకన్న ఎక్కువ దినాలు ఉంటది" అంది.

అన్నంత పనీ అయింది. అత్త పోయింది, ఆ బోర్డు ఇంకా నడుస్తోంది. నడిచేదాన్ని కెలకకూడదన్న బుద్ధి నాకు అక్కడే అబ్బింది; చదువుకుంటున్న నా కూతురి పక్కన నిలబడి ఏం చదువుతున్నావని అడగడం కూడా మానుకున్నాను. దసరాకు బొట్టు మిషన్ డబ్బాకే పెడతాం. పైన బంతిపూల దండ మాత్రం అమ్మే కడుతుంది, ఆ కుడి చెయ్యే పైకెత్తి.