వంతెన మీది నా మొహం

నా చిన్నప్పుడు మా ఊరి కాలువ వంతెన దగ్గర జరిగిన ఒక మహా ద్రోహం గురించి చెప్పబోతున్నాను. ఇందులో కీర్తి ఉంది, కుట్ర ఉంది, సొంతవాళ్లు పొడిచిన వెన్నుపోటు ఉంది. రాస్తే మహాకావ్యం అవుతుంది. నిజం చెప్పాలంటే, అవదు. ఒక ఫ్లెక్సీ పోయింది. అంతే.

పంచాయతీ ఆఫీసు గోడకి నోటీసు బోర్డు ఒకటి ఉండేది. కాలువలు ఎప్పుడు కట్టేస్తారో, పన్ను ఎప్పటిలోగా కట్టాలో అందులో అంటించేవారు. దాన్ని శ్రద్ధగా చూసేవి మేకలే. వాటి ఆసక్తి కూడా కాగితం వెనకున్న మైదా మీదే. ఊరి అసలు వార్తలు వంతెన రెయిలింగు మీద ఫ్లెక్సీలై వేలాడేవి. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, శ్రద్ధాంజలులు. మా ఊళ్లో మనిషి ఉన్నాడనడానికైనా, పోయాడనడానికైనా అదే రుజువు.

ఐదో తరగతిలో ఉండగా మండల వ్యాసరచన పోటీలో నాకు రెండో బహుమతి వచ్చింది. అంశం నీటి పొదుపు. గోదావరి కాలువ గట్టున పుట్టినవాడు ఆ అంశం మీద రాసి గెలిచాడంటే నా ఊహాశక్తి ఏపాటిదో అర్థం చేసుకోండి. క్లాసులో మాత్రం ఎవరూ నమ్మలేదు. "మరి ఫ్లెక్సీ ఏదిరా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఇంటికొచ్చి అన్నం తిననని మొండికేశాను. అమ్మ బతిమాలితే మావయ్య భీమవరం వెళ్లి కొట్టించుకొచ్చాడు. బస్సు అద్దమంత నా మొహం. దాని వెనకాల, ఎందుకో, మంచు కొండలు.

శనివారం సాయంత్రం మా తాతయ్యే దాన్ని స్వయంగా రెయిలింగుకి కట్టాడు. కొబ్బరి తాడు, గేదెని కట్టేసే ముడి. "తుఫానొచ్చినా కదలదురా. కదిలితే నన్నడుగు" అన్నాడు. సోమవారం పొద్దున్న ఒంటిపూట బడికి మా క్లాసంతా ఆ వంతెన దాటే వెళ్లాలి. ఆదివారమంతా ఏదో పనున్నవాడిలా నేను దాని మీద అటూ ఇటూ తిరిగాను.

సోమవారం నేను వెళ్లేసరికి క్లాసంతా వంతెన మీదే ఉంది. ఫ్లెక్సీ లేదు. తెల్లవారకముందే వాన పడి రోడ్డంతా తడిగా ఉంది. నా పక్క బెంచీవాడు ఖాళీ రెయిలింగుకి దండం పెట్టి, "ఫోటోలో భలే పడ్డావురా" అన్నాడు. ఆ నవ్వు బడి గంట కొట్టేదాకా ఆగలేదు.

బడి వదలగానే పక్కింటి అత్త దగ్గరికి పరిగెత్తాను. వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షన్ ఆ వారంలోనే. ఆ చోటు కోసం ఆవిడే పీకించి ఉంటుందని నాకు ఖాయమైపోయింది. "మా ఫ్లెక్సీ ఏం చేశారండీ?" అని నిలదీశాను. అంత కోపంలోనూ అండీ వదల్లేదు. మా జిల్లా అలాంటిది.

ఆవిడ చేట పక్కన పెట్టింది. "ఏంట్రా, నన్నంటావా? ఆ తాళ్లు చూశావా? దొంగలైతే కోసుకుపోతారు. ఇవి శుభ్రంగా విప్పి, చుట్టచుట్టి అక్కడే తగిలించారు. మీ గేదె ముడి విప్పడం నాకేం వచ్చు? పోయి మీ తాతనడుగు."

తాతయ్యని వెతుక్కుంటూ వెళ్తే, రోడ్డు పక్కన మా దాళ్వా ధాన్యం, అదే రెండో పంట, రాశి పోసి ఉంది. దాని మీద నా మొహం. రెండు బుగ్గల మీదా చెరో ఇటుక. నుదుటి మీద గుంటలో నిలిచిన వాననీళ్లు ఒక కోడి తీరుబడిగా తాగుతోంది. పక్కనే తాతయ్య చుట్ట కాలుస్తున్నాడు.

"కదలదన్నావు కదా తాతయ్యా!"

"వానకి కదల్లేదు కదరా. నేను విప్పాను."

"అందరూ నవ్వారు. నేను అబద్ధం చెప్పాననుకున్నారు."

"మబ్బు పట్టేసరికి రాశి మీద కప్పడానికి ఊళ్లో ఒక్క బరకం దొరకలేదు. గింజ తడిస్తే మిల్లువాడు ముట్టుకోడు. కౌలు చేనురా మనది. వాళ్లు రేపటికి మర్చిపోతారు, మనం ఏడాదంతా తినాలి." నా మొహం చూసి అన్నాడు. "అయినా నీ బొమ్మ పైకే పెట్టాను కదా."

చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించినట్టు లేదు. కానీ ఆ చివరి మాట నాలో ఉండిపోయింది. అంత కంగారులో, చీకట్లో, వాన ముంచుకొస్తుంటే, నా మొహం గింజల్లో కూరుకుపోకుండా ఆకాశం వైపు తిప్పాడు. ద్రోహంలోనూ ఆ మాత్రం ప్రేమ ఉందనుకునేవాణ్ని. ఇప్పటికీ ఎవరైనా నన్ను నలుగురిలో పొగిడితే, దీనికి వాన ఆగుతుందా అని మనసులో ఒకసారి కొలుచుకుంటాను.

మొన్న దాళ్వాకి ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ రాశి మీద కప్పుతూ, ఆ రోజు నా బొమ్మ పైకి ఎందుకు పెట్టావని తాతయ్యని అడిగాను. ఆయన నా చేతిలో ఫ్లెక్సీ లాక్కుని తిరగేసి పరిచాడు.

ఎవరిదైనా బొమ్మ వైపు పైకే ఉండాలట. లోపలికి పెడితే రంగు ఊడి గింజకి అంటుకుంటుంది.