ఆకుపచ్చ ఉప్పు నల్లబడింది

ఈ రోజు మహబూబ్‌నగర్‌లో మా కాలేజీ ల్యాబ్‌లో నేను చేసిన పని మీకు చెప్పుకోవాలి.

నాతోపాటు కెమిస్ట్రీ చెప్పే స్వరూప పీహెచ్‌డీ చేస్తోంది. రీనియం అనే అరుదైన లోహం చిటికెడు సంపాదించడానికే ఆమెకు ఏడాది పట్టింది. నిన్న ఆ రీనియం లవణానికి పొటాషియం అయోడైడ్, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి మరిగించింది. ఊదారంగు అయోడిన్ ఆవిరంతా పోయి, చల్లారాక మెరిసే ఆకుపచ్చ స్ఫటికాలు మిగిలాయి. ఆ ఉప్పు పేరు పొటాషియం హెక్సాక్లోరోరీనేట్.

పొద్దున ఆమె క్లాసుకు వెళ్లగానే, సాయం చేద్దామని వాటిని మరిగే నీళ్లలో వేశాను. పటికను అట్లాగే కరిగించి శుభ్రం చేస్తాం కదా. చూస్తుండగానే అంతా మసిలా నల్లబడింది.

స్వరూప వచ్చి చూసి స్టూలు మీద కూలబడింది.

“నీళ్లల్ల ఏసినవా అక్కా?”

“శుభ్రం చేద్దామనుకున్న స్వరూపా.”

“గీ ఉప్పుకు నీళ్లు పడవక్కా. ఆసిడ్‌తోనే కడగాలె.”

కాసేపటికి లేచి, ఆ నల్లపొడిని వడగట్టి హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసింది. బుసబుస పొంగి నలుపంతా కరిగిపోయి తేట ద్రవం మిగిలింది.

“రీనియం యాడికి పోలేదక్కా, గిండ్లనే ఉంది. మళ్ల మొదటికెల్లి చేద్దాం” అంది. తిట్టినా బాగుండేది.

ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్న నాకు, అడిగి చేయాలన్న సంగతి ఇవాళ తెలిసింది. సాయం చేయబోయి కొంప ముంచినవాళ్లు మీలో ఉంటే చెప్పండి, జర ధైర్యంగా ఉంటుంది.