దిద్దిన సున్నాలు

పద్దెనిమిదేళ్లు ఆ ప్రాథమిక పాఠశాలలో డ్రాయింగు చెప్పిన టీచరుకి, చివరికొచ్చేసరికి, జిగురు వాసన తగిలితే చాలు రోత పుట్టేది. ఆ రోత పిల్లల మీద కాదు. వాళ్లు ముక్కు తుడుచుకున్న చేత్తోనే కాగితాలిచ్చినా మారుమాట లేకుండా అందుకునేది. ఆవిడకి వెగటు పుట్టించినవి గోడలు. ఏటా తల్లిదండ్రులు వచ్చే రోజున హాల్లో అంటించే బొమ్మల్లో ఒక్కటీ పిల్లలు వేసినట్టుండేది కాదు. వాటిని దిద్దేది ఆవిడే మరి.

ఉద్యోగం ఇప్పించింది వదిన. అన్నగారి భార్య, ఆ బడికి హెడ్‌మిస్ట్రెస్. ఇంట్లో "వదినా", బడిలో "మేడమ్". మొదటి ఏడాదే వదిన తలుపు దగ్గరగా వేసి, "వచ్చేవాళ్లు చూసేది గోడనే. కాస్త నీ చెయ్యి పడనీ" అంది. కాస్త కాస్త అంటూ మొత్తం ఆవిడ చెయ్యే పడింది.

పద్దెనిమిదో ఏడు రెండో తరగతికి సున్నాల బొమ్మలు పెట్టింది. గుండ్రంగా ఉన్నదేదైనా ఇంట్లోంచి తెచ్చుకుని, దాని చుట్టూ గీత గీసి, ఒకదానిలో ఒకటిగా రంగులు నింపాలి. సీసా మూతలు, గాజులు, తాతగారి మాత్రల డబ్బా... గది సంతలా తయారైంది. ఒక్కచోట కుదురుగా కూర్చోదని అందరూ "బొంగరం" అనే పిల్ల మాత్రం ఏమీ తేలేదు. చేత్తోనే పెద్ద చక్రం గీసింది. దాని అడుగు చదునుగా నేలకి అతుక్కుపోయింది.

"ఇదేంటే, ఇలా కూలబడింది?"

"నాన్న సైకిలు టైరు, టీచర్. పంక్చరయింది. గాలి లేకపోతే గుండ్రంగా ఎలా ఉంటుంది?"

టీచరు ఫక్కున నవ్వింది.

సాయంత్రం వదిన కట్ట తిరగేస్తూ ఆ బొమ్మ దగ్గర ముఖం చిట్లించింది. "సొట్టపోయిన గిన్నెలా ఉంది. గోడెక్కితే మన పరువేమవుతుంది? దిద్దెయ్."

"పంక్చరైన టైరట, వదినా."

"ఇక్కడ మేడమ్ అను."

టీచరు కాంపస్ తీసింది. కొత్త కాగితం మీద నున్నటి సున్నా చుట్టి, పిల్ల వాడిన రంగులే నింపి, మూలన పిల్ల చేతిరాతలోనే పేరు కూడా రాసింది. ఏడేళ్ల పిల్ల వంకర అక్షరాలు తన వేళ్లకి అంత తేలిగ్గా రావడం చూసి ఆవిడకి తన చెయ్యే జిడ్డుగా అనిపించింది. సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. అసలు బొమ్మ చెత్తబుట్టలో, తాగి పారేసిన టీ కప్పుల కింద పడింది.

తల్లిదండ్రులు వచ్చిన రోజు బొంగరం వాళ్ల నాన్నని చెయ్యి పట్టి లాక్కొచ్చింది. గోడ మీది పేరు చదివి, "ఇది నాది కాదు" అంది.

వదిన చిరునవ్వు చెదరకుండా పిల్ల తల నిమిరింది. "నీదేనమ్మా. పేరుందిగా."

"పేరు కూడా నేను రాయలేదు."

తండ్రికి తల కొట్టేసినట్టయింది. "అబద్ధాలాడతావా? మేడమ్‌కి సారీ చెప్పు."

పిల్ల కళ్లలో నీళ్లు నిండాయి. పెదాలు కదిలాయి.

టీచరుకి వెగటు పుట్టింది. వదిన నవ్వు మీద, ఆ గోడ మీద, అన్నిటికన్నా తన మీద.

"చెప్పకు తల్లీ" అంది గట్టిగానే. "పిల్ల నిజమే చెబుతోందండీ. ఆ బొమ్మ నేను గీశాను. తను వేసింది పారేశాను. ఈ గోడ మీద ఉన్నవన్నీ నావే."

ఒకామె తన కొడుకు పేరున్న కాగితం దగ్గరికెళ్లి, వేలితో అంచు తడిమి, "అయితే మావాడు వేసిందేదీ?" అని అడిగింది.

ఆ వారమే వదిన ఆవిడని డ్రాయింగు నుంచి తప్పించి స్టోరు గదిలో కూర్చోబెట్టింది. అన్నయ్య ఇంటికొచ్చి, "వదిన పరువు బజారుకీడ్చావు కదే" అన్నాడు.

"పసిపిల్లల పని చెత్తలో వేశాను, అన్నయ్యా. దాని గురించి ఒక్క మాటైనా అనవేం?"

ఇచ్చిన కాఫీ ముట్టకుండానే ఆయన లేచి వెళ్లిపోయాడు.

తల్లిదండ్రులు పట్టుబట్టడంతో మరుసటేడు పిల్లల బొమ్మలు ఉన్నవి ఉన్నట్టే అంటించారు. టీచరు ఖాళీ హాల్లో వాటిని ఒక్కొక్కటీ చూసింది. బాగున్నాయి. అది తెలిసి ఆవిడకి ఇంకా రోత పుట్టింది, పద్దెనిమిదేళ్లలో తను ఎన్నిటిని పారేసిందోనని.

బొంగరం అప్పుడప్పుడు తరగతికి కావలసిన కాగితాల కోసం స్టోరుకి వచ్చేది. లెక్క చూసుకుని తీసుకునేది. ఆవిడ ముఖంకేసి మాత్రం చూసేది కాదు.