ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు?

గల్ఫ్‌లో నర్సుగా చేయాలంటే అక్కడి లైసెన్సు పరీక్ష పాసవ్వాలి. మొదటిసారి తప్పాను. అప్పటికి నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐదేళ్లుగా పనిచేస్తున్నాను. నరం దొరకని చేతికి కూడా సూది పెడతానని వార్డులో పేరు. తప్పిన సంగతి ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు.

మా సీనియర్ అక్కకు మాత్రం చెప్పాను. ఆవిడది మాచర్ల, కొన్నేళ్లు సౌదీలో చేసి వచ్చింది. అన్నాల దగ్గర నా ఫోను తీసుకుని, నేను చేసిన ప్రాక్టీసు ప్రశ్నలన్నీ చూసింది. పేషెంటుకు ఆయాసం వస్తోంది, మొదట ఏం చేస్తారు? గుండెల్లో నొప్పి అంటున్నాడు, మొదట ఏం చేస్తారు? దాదాపు అన్నింటికీ డాక్టరుకు ఫోను చేస్తానని పెట్టాను.

"ఏందే ఇది? ముందు మనిషి కాడికి పో. చెయ్యి పట్టుకొని చూడు. డాక్టరడిగితే చెప్పటానికి నీ దగ్గర ఏదన్నా ఉండాలిగా" అంది.

నాకు కోపం వచ్చింది. మా దగ్గర డాక్టరును అడక్కుండా జ్వరం బిళ్ల ఇచ్చినా తిట్లు తప్పవు. ఐదేళ్లుగా నేర్చుకున్నది అదే. అయినా మర్నాటి నుంచి రొంపిచెర్ల బస్సులో నరసరావుపేట చేరేలోపు ఇరవై ప్రశ్నలు చేసేదాన్ని. నలుగురు పేషెంట్ల సంగతి చెప్పి, ముందు ఎవరి దగ్గరికి వెళ్తారని అడిగేవీ వాటిలో ఉండేవి. తప్పినవాటిని, ఎందుకు తప్పానో తెలుగులో నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని.

ఒక ఆదివారం మధ్యాహ్నం మగవాళ్ల వార్డులో నేనొక్కదాన్నే ఉన్నాను. క్వారీలో రాయి పడి కాలు విరిగినాయన కేకలు పెడుతున్నాడు. ఎదురు మంచం మీద, పొద్దున హెర్నియా ఆపరేషను అయిన పెద్దాయన. నొప్పి తగ్గడానికి ఇంజెక్షను చేసి గంటయింది. ఇప్పటికి కునుకు పట్టిందని ఆయన భార్య సంతోషంగా చెప్పింది.

నేను సిరంజి పట్టుకుని కాలు విరిగినాయన వైపే వెళ్తున్నాను. పెద్దాయన గురక విని ఆగాను. ఒక గురకకూ ఇంకో గురకకూ మధ్య చానా సేపు పడుతోంది. భుజం తట్టి పిలిచాను, పలకలేదు. గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి ఏడు, పన్నెండన్నా ఉండాలి. గడ్డం పైకెత్తి, ఆక్సిజన్ పెట్టి, ఆయాను డాక్టరు కోసం పైకి పంపాను.

కాలు విరిగినాయన వాళ్ల అన్న నా పక్కకు వచ్చాడు. "మావోడు అల్లాడిపోతన్నాడు, నువ్వేమో నిద్రపోయే ఆయన్ని లేపుతన్నావేంది?" అన్నాడు. నేను మళ్లీ ఊపిరి లెక్కపెడుతున్నాను. మాట్లాడితే లెక్క తప్పుతుంది.

డాక్టరు రాగానే, అడగకముందే ఎన్ని ఊపిరులో చెప్పాను. నొప్పి మందే ఊపిరిని నెమ్మది చేసిందని ఆయన దానికి విరుగుడు ఇంజెక్షను ఇచ్చారు. కాసేపటికి పెద్దాయన కళ్లు తెరిచి, ఎందుకు లేపారని విసుక్కున్నాడు.

కాలు విరిగినాయన దగ్గరికి వెళ్లేసరికి అరగంట దాటింది. ఇంజెక్షను చేసి, ఆలస్యమైంది బాబాయ్ అన్నాను. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అంతసేపు నొప్పి పడ్డ మనిషి, ఇంకేమంటాడు? ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలో ప్రశ్నల్లో ఉంటుంది. ఆగినవాళ్లకు ఏం చెప్పాలో ఎక్కడా లేదు.

మూడు నెలల తర్వాత మళ్లీ రాసి పాసయ్యాను. ఫలితం వచ్చేసరికి డ్యూటీలో ఉన్నాను. ఒకాయనకు సెలైను మార్చి, అమ్మకు ఫోను చేశాను. మిరపకాయ కోతల్లో ఉంది.

"మంచిదే. ఎప్పుడు పోవాలంట?" అంది.

ఇంకా తెలియదన్నాను.