పెదవులు ఆడితే చాలనుకున్నాం

విగన్ ఊళ్ళో బొగ్గుగని పైన బొగ్గు ఏరే షెడ్డులో కెజయా పదకొండేళ్ళు నాకు ఎదురుగా నిలబడింది. కిందినుంచి వచ్చిన బొగ్గును ఊగే ఇనుప జల్లెడ మీద బోర్లిస్తారు. పొడి రాలిపోతుంది, గడ్డలు కదిలే పట్టీ మీదికి వస్తాయి. అటూ ఇటూ నిలబడి ఆడవాళ్ళం రాళ్ళు ఏరి పారేస్తాం. బొగ్గుకు అతుక్కున్న రాయిని సుత్తితో కొట్టి విడగొడతాం. పని ఆపమనే గని కూత పడేదాకా పట్టీ ఆగదు, ముక్కు గోక్కుందామన్నా తీరిక ఉండదు. ఆ మోతలో అరిస్తే గొంతు దండగ. అందుకే పెదవులు మాత్రమే ఆడిస్తాం. మేస్త్రీని వాడి ముఖం ముందే తిట్టుకునేవాళ్ళం, వాడికి చచ్చినా తెలిసేది కాదు.

ఒకరోజు భోజనం వేళ పట్టీ ఆగాక వెనకనుంచి పిలిచాను. కెజయా తిరగలేదు. భుజం తట్టాను.

"చెవులు పోతున్నాయే హెట్టీ," అంది. "పూర్తిగా పోకముందే ఇక్కణ్ణుంచి బయటపడాలి."

నాకు ఏడుపొచ్చింది.

సౌత్‌పోర్ట్‌లో ఒకరింట్లో పనిమనిషి కావాలని తెలిసింది. శనివారం మధ్యాహ్నం ఇద్దరం రైలెక్కాం. దారంతా నూరిపోశాను.

"ఇంటావిడ పెదవులు చూడు. షెడ్డులోలా ఉత్త పెదవులు ఆడించకు, గొంతు విప్పి మాట్లాడు, మొద్దూ! మరిచిపోయావో చంపేస్తాను."

"నువ్వు నాకు కనపడేలా గుమ్మంలోనే ఉండు," అంది.

ఉన్నాను. ఇంటావిడ మంచిదే. కెజయా చేతులు చూసి, "గట్టి చేతులే," అంది. అడిగినవాటికి కెజయా చక్కగా జవాబులు చెప్పింది. ఇంతలో ఆవిడ కిటికీ తెర సర్దుతూ అటు తిరిగి, "సోమవారం నుంచి వస్తావా?" అంది.

ఆవిడ పెదవులు కనపడక కెజయా నా వంక చూసింది.

"సోమవారం రమ్మంటోంది, వస్తానని చెప్పు!" అన్నాను. అన్నాననే అనుకున్నాను. నా పెదవులు మాత్రమే ఆడాయి. వాటిని చూసి కెజయా, "వస్తానమ్మగారూ," అంది. దానివీ పెదవులే ఆడాయి.

ఆవిడ ఇటు తిరిగేసరికి మేమిద్దరం చప్పుడు లేకుండా మూతులు తిప్పుతున్నాం.

"నా వెనక వెక్కిరిస్తున్నారా? బయటికి నడవండి!"

అప్పుడొచ్చింది నా పాడు గొంతు. "వస్తుందమ్మగారూ, వస్తుంది!" అని వీధి అదిరేలా అరిచాను. ఆవిడ మమ్మల్ని బయటికి పంపి తలుపు మూసేసింది.

సోమవారం పొద్దున ఆరింటికి పట్టీ కదిలింది. ఎదురుగా కెజయా పెదవులు ఆడాయి: "నీ తప్పేం లేదే."

"తప్పు నాదేనే, క్షమించు," అని ఈసారి గొంతు చించుకుని అరిచాను. ఆ మోతలో నా మాట నాకే వినపడలేదు.