ముందు జీతం, తర్వాత టీ

మాస్టారు పోయారని మంగళవారం పొద్దున్న బరంపురం నుంచి ఫోన్ వచ్చింది. అప్పుడు నేను భువనేశ్వర్‌లో, ఓ చిన్న వార్తా చానెల్ ఆఫీసులో, టీవీ తెర అడుగున పరిగెత్తే వార్తలు టైపు చేస్తున్నాను. ఏడుపు కంటే ముందు నాకు భయం వేసింది. ఆయనకు నేను ఒక అబద్ధం చెప్పాను. దాన్ని దిద్దుకునే దారి ఆయనతోనే పోయింది.

బరంపురం బడిలో ఆయన మాకు తెలుగు చెప్పేవారు. క్లాసులో పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడేవారు గానీ, గేటు దాటితే సముద్రం ఒడ్డున మా ఊరు సోనేపూర్ వాళ్లలాగే మాట్లాడేవారు. ఆయనకు ఒక అలవాటుండేది. బస్సు కండక్టరు, ఆసుపత్రి నర్సు, ఫోటో స్టూడియో అతను, ఎవరు కనబడినా రెండు ప్రశ్నలు అడిగేవారు. "నెలకి సేతికి ఎంతొస్తాది? ఏ తారీకుకి వస్తాది?" ఒడియా వాళ్లనైతే ఒడియాలో అడిగేవారు. పక్కనున్న మేం సిగ్గుతో చచ్చిపోయేవాళ్లం. ఎవరైనా టీ ఇస్తే గ్లాసు ముట్టుకునేవారు కాదు.

"ముందు జీతం సెప్పు బాబూ, టీ తర్వాత."

తన దగ్గర చదివిన పిల్ల ఫలానా కోర్సు చేస్తానంటే చాలు, ఆ పని చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి ఆ పిల్ల ఎదురుగానే అడిగేవారు. ఒకమ్మాయిని అలాగే నర్సింగులో చేర్పించారు. ఆ అమ్మాయి ఇప్పుడు గోపాలపూర్‌లో ఇల్లు కట్టుకుంది.

నేను మాస్ కమ్యూనికేషన్ అన్నాను. టీవీలో కనబడాలని పిచ్చి. ఆయన నన్ను బరంపురంలోనే ఓ కేబుల్ వార్తల ఆఫీసుకి తీసుకెళ్లారు. అక్కడ అదే డిగ్రీ చదివిన కుర్రాడు ఉన్నాడు. మాస్టారు అడిగారు. అతను నేల చూస్తూ ముప్పై వేలన్నాడు. మాస్టారు టీ తాగలేదు.

మెట్లు దిగుతూ, "ఆ బాబు సెప్పులు సూసినావా? తీగతో కట్టుకున్నాడు. సిగ్గుపడి అలా సెప్పినాడమ్మా" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "అందరూ అతనిలాగే ఉంటారా మాస్టారూ?" అన్నాను.  తర్వాత ఆయనే బ్యాంకుకి మాతో పాటు వచ్చి, ఆరు లక్షల అప్పు కాగితాలు ఒక్కొక్కటీ మా నాన్నకి తెలుగులో విడమరిచి చెప్పారు. కేరళ బోట్ల మీద చేపల వేటకెళ్లే మా నాన్న అన్నీ విని, నా మొహం చూసి సంతకం పెట్టాడు.

ఇప్పుడు నా చేతికి పదిహేడు వేలు వస్తాయి. అందులో తొమ్మిది బ్యాంకు పట్టుకుపోతుంది. మిగిలిన దాంట్లో గది అద్దె, తిండి. జీతం ఏ తారీకున పడుతుందో ఎవరికీ తెలీదు, రెండు నెలలు పడని రోజులూ ఉన్నాయి. మా నాన్న మోకాళ్లు పట్టుకుని మరీ ఇంకా బోటెక్కుతున్నాడు. ఏ దారీ కనబడటం లేదు నాకు. ఉన్నమాట రాస్తున్నాను.

నిరుడు మాస్టారు ఫోన్ చేశారు. దిగపహండి అనే ఊరి అమ్మాయొకతె ఇదే కోర్సు చదువుతానంటోందట.

"నీకు సేతికి ఎంతొస్తందమ్మా?"

ఆయన మాట కాదని వచ్చినదాన్ని, ఓడిపోయానని చెప్పడానికి నోరు రాలేదు. ముప్పై వేలన్నాను. అదే అంకె ఎందుకొచ్చిందో నాకే తెలీదు. ఆ చెప్పుల కుర్రాడు అప్పుడు అర్థమయ్యాడు.

నేను భయపడ్డాను, ఒకసారి వచ్చి చూస్తానంటారేమోనని. ఆయన సంతోషంగా నవ్వారు. "ఇంకొకలయితే ఎల్లి సూసొద్దును. నువ్వు సెప్పినాక ఇంక సూసీదేటి?"

పదోరోజు కర్మకి బరంపురం వెళ్లాను. మాస్టారి భార్యని మేం పిన్ని అంటాం. పిన్ని నా చేతిలో టీ గ్లాసు పెట్టి, పక్కనున్న అమ్మాయిని చూపించి, "దిగపహండి పిల్ల, నీ కోర్సే" అంది.

"మాస్టారు మీ మాటే సెప్పినారక్కా. అది ఇన్నాకే మా నాన్న సంతకం ఎట్టినాడు" అంది ఆ అమ్మాయి. కళ్లనిండా ఆశ. మొదటి ఏడాది ఫీజుకి అప్పు తీసుకున్నారట. రెండో ఏడాదికి అప్పు వచ్చే నెల తీసుకోవాలట.

గ్లాసు పక్కన పెట్టాను. "పదిహేడు వేలు. తారీకు లేదు" అన్నాను.

ఆ అమ్మాయికి ముందు అర్థం కాలేదు. "మరి ముప్పయ్యని..."

"మాస్టారికి అబద్ధం చెప్పాను."

 ఆ అమ్మాయి, బయట తన నాన్న కూర్చున్న అరుగు వైపు చూసి, "నాన్నకి నేనేటి సెప్పాలక్కా?" అంది.

నేనే చెబుతానన్నాను. ఏం చేయాలో తోచక గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకుని వెళ్లాను. వాళ్ల నాన్న భోజనం చేసి, తుండు పరుచుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే నవ్వి, పక్కకి జరిగి, తుండు మీద చోటిచ్చాడు.

"కూకోమ్మా. ముందు ఆ టీ తాగు, సల్లారిపోతంది."